ఆ తల్లి ఏడవలేదు

మోంటెవిడియో నగరం, పార్కే రోదో పేటలో మూడో అంతస్తున కాపురముంటూ, పియానో వాయించీ నేర్పీ బతికిన నేను, నెలిదా బెంతంకోర్ సారసోలా, అవివాహితను, డెబ్బై నాలుగేళ్ళదాన్ని, నోటరీ అన్సెల్మో పిత్తలూగా గారి ఎదుట, అడుగున సంతకాలు చేసిన సాక్షులు వింటుండగా వ్రాయించిన వీలునామా ఇది.

నా మతి స్థిరంగా ఉంది. కుడిచేతి వేళ్ళు రెండు మాత్రం స్థిరంగా లేవు. చట్టం వేళ్ళ సంగతి అడగదని నోటరీ గారు సెలవిచ్చారు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ పక్కన కూర్చుని చెప్పించడం లేదు. ఇంతకుముందు నేను వ్రాయించిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. వాటిల్లో గిన్నెలూ గ్లాసులూ పంచానే గాని అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

నేను నా గోడు వెళ్ళబోసుకున్న చోట్లు తీసేద్దామని నోటరీ గారు రెండుమూడు సార్లు అడిగారు. "అమ్మగారూ, ఇది ఆస్తి పత్రమండీ, మీ ఆత్మకథ కాదు" అన్నారు. నా ఆస్తిలో పెద్దభాగం ఒక సిగ్గు, దాన్ని ఎవరికి ఎలా అప్పగించాలో చెప్పకపోతే మిగతా పంపకం కుదరదు అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కలం పట్టారు.

ఒకటి. నా తదనంతరం నా శవం దగ్గర నా రికార్డులేవీ పెట్టకూడదు. ముఖ్యంగా "నది ఒడ్డు సాయంత్రాలు"లో మూడో పాట పెట్టకూడదు. రేడియోవాళ్ళు ఎలాగూ పెడతారు, వాళ్ళను ఆపడం నా తరం కాదు. చావింటి గుమ్మం దగ్గర ఎవరైనా అభిమాని క్యాసెట్టు పట్టుకుని వస్తే మాత్రం నా మేనల్లుడు డార్విన్ అడ్డంగా నిలబడాలి. ఆ గుమ్మానికి అతను ఒక్కడూ సరిపోతాడు.

రెండు. సదరు డార్విన్ బెంతంకోర్‌కు నా ఫ్లాటూ, అందులోని మంచాలూ బీరువాలూ, వంటింటి సామాను యావత్తూ సర్వహక్కులతో చెందవలెను. అతను నా అన్న కొడుకు, మంచివాడే. వాన పడ్డ ప్రతిసారీ తోర్తా ఫ్రీతా రొట్టెలు వేయించమని వచ్చి, పెనం మీద ఉండగానే తినేవాడు. పోతే, పరుపుల కొట్టు పెట్టాక అతను చేసిన పనిని నేను మర్చిపోలేదు. కొట్టు ప్రకటనకు నా రికార్డు మూడో పాటలోంచి, జనమంతా ఏడ్చే ఆ ఒక్క చోటే తీసి రేడియోలో వేయించాడు. ఆ స్వరం వినిపించాక ఒక గొంతు నిట్టూర్చి, "ఇంత మెత్తని నిద్ర మీకూ కావాలా?" అంటుంది. నేను తిడితే "అత్తా, నీ పేరు పల్లెపల్లెకీ తీసుకెళ్తున్నాను కదా, సంతోషించవేం?" అన్నాడు. ఆ ప్రకటన వచ్చినన్నాళ్ళూ నేను బేకరీకి వెళ్ళలేదు, అక్కడ ఎప్పుడూ రేడియో మోగుతూనే ఉంటుంది. ఫ్లాటు తీసుకోవాలంటే ఆ ప్రకటన ఆపాలి. ఇది షరతు.

మూడు. ఇక అసలు సంగతి.

ఫెర్మీన్ ఒలస్కోగా గారు స్వరపరిచిన "నది ఒడ్డు సాయంత్రాలు"ను మొట్టమొదట రికార్డు చేసింది నేను. 1958 చలికాలంలో, రియో అంచో కంపెనీ అద్దెకు తీసుకున్న పాత నాటకశాలలో. అప్పటికి ఆ రచనకు అచ్చుప్రతి లేదు. ఉన్నది ఆయన చేత్తో రాసుకున్నది ఒక్కటే, అదీ చీమలబారులాంటి రాత. మూడోదానిలో ఒక చోట పాట పేజీ చివరిదాకా వచ్చి వెనకవైపుకు దాటుతుంది. ఇంట్లో సాధన చేసుకునేవాళ్ళకు పేజీ తిప్పే మనిషి ఎక్కడ దొరుకుతుంది? అందుకని పియానోవాళ్ళమందరం ఒకటే పని చేస్తాం. వెనకవైపు వచ్చే మొదటి ముక్కను ముందే కంఠతా పట్టేసి, ఒక చెయ్యి వాయిస్తుండగా రెండో చేత్తో కాగితం తిప్పుతాం. కంఠతా వచ్చిన చోటును మళ్ళీ ఎవరూ చూడరు, ఆ క్షణంలో చూపంతా కాగితం అంచు మీదే ఉంటుంది.

నేను మొదటిరోజు హడావుడిలో దాన్ని తప్పుగా కంఠతా పట్టాను. పియానో తెల్ల మెట్టు మీద దిగాల్సిన వేలు పక్కనున్న నల్ల మెట్టు మీద దిగింది. సాధనలో ప్రతిసారీ అక్కడే దిగింది, రికార్డులోనూ అక్కడే దిగింది. ఒలస్కోగా గారు అప్పుడు ఊపిరితిత్తుల జబ్బుతో మీనాస్ కొండల్లో ఆసుపత్రిలో ఉన్నారు. తప్పని చెప్పగలిగిన మనిషి ఆయనొక్కరే.

ఆ రికార్డు ఎంత ఆడిందో మీకు తెలుసు. బిడ్డను నది తీసుకుపోతే ఒడ్డున గుండె పగిలిన తల్లి ఏడుపంతా ఆ ఒక్క స్వరంలో ఉందని పత్రికలో రాశారు. నేను ఆ కాగితం కత్తిరించి దాచుకున్నాను. వీధిలో నాలుగు రోజులు మెడ నిటారుగా పెట్టి నడిచాను కూడా. కచేరీల్లో ఆ చోటు వస్తోందనగానే ఆడవాళ్ళు ముందే చేతిరుమాళ్ళు తీసేవారు.

ఒలస్కోగా గారికి నయమై ఊళ్ళోకి వచ్చాక, చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకుల తేనీరు తాగే బుర్ర పట్టుకుని మా ఇంటికొచ్చారు. కూర్చున్నారు, మాతే పోశారు, నాకిచ్చారు. ఆ తర్వాత అన్నారు:

"బాగా వాయించావమ్మాయ్. ఒక్కచోటే... అది మా అమ్మ. పొద్దుగూకినా నేను ఒడ్డున గాలం పట్టుకు కూర్చుంటే గుమ్మంలోంచి కేకేసేది, ఒరే రారా, సూపు చల్లారిపోతోంది అని. అంతే. ఆవిడ ఏడవలేదమ్మా. భోజనానికి పిలిచింది."

రాతప్రతి తీసి ఆ పేజీ తిప్పాను. ఉంది, తెల్ల మెట్టే. నా చెవులు కాలిపోయాయి. రేపే పత్రికకు చెప్పేస్తానన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆగు. ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాను, ఒక్కడికీ పట్టలేదు. నిన్న చేపల కొట్టువాడు నన్ను పేరు పెట్టి పిలిచి, మంచి చేప ఏరి ఇచ్చాడు. వాడు విన్నది ఆ ఏడుపే మరి! ఇప్పుడు అది నాది కాదని వాడి మొహం మీద ఎట్లా చెప్పమంటావ్? ఉండనీ. కాకపోతే నేను పోయేలోగా ఒక్కసారి, రికార్డులోనే, మా అమ్మ చేత సరిగ్గా పిలిపించు."

పిలిపిస్తానని మాటిచ్చాను. తర్వాత అచ్చుప్రతి వచ్చింది. నా రికార్డు విని, నల్ల మెట్టు పెట్టి అచ్చేశారు. ఆయన చూసి సంతకం పెట్టారు. ఎవరు ఆ స్వరాన్ని పొగిడినా తల దించుకుని దండం పెట్టేవారు. అందరూ అది వినయం అనుకున్నారు. ఆయన తల ఎందుకు వంగిందో నాకు తెలుసు, అందుకే ఆయన పక్కన నిలబడి ఫొటో దిగడానికి నాకు ఒళ్ళు చచ్చిపోయేది.

ప్రయత్నం చెయ్యలేదని కాదు. ఒక ఏడాది పెద్ద థియేటర్లో ధైర్యం చేసి తెల్ల మెట్టు వాయించాను. హాలంతా ఉలిక్కిపడింది. మర్నాడు పేపర్లో, నా జ్ఞాపకశక్తి సన్నగిల్లుతోందనీ, ఇంత పెద్ద కళాకారిణికి ఇలా కావడం బాధాకరమనీ రాశారు. మరుసటి కచేరీలో మళ్ళీ నల్ల మెట్టుకే వెళ్ళాను. చప్పట్లు కావాలనిపించింది. దీనికి ఇంకో కారణం చెప్పుకోను.

1971లో రియో అంచో కంపెనీ కొత్త యంత్రాలు తెచ్చి, పాతవన్నీ మళ్ళీ రికార్డు చేద్దామంది. ఇదే అదను అనుకున్నాను. ఆ చోట పక్కన మనిషిని కూర్చోబెట్టి పేజీ తిప్పించుకున్నాను, కళ్ళు తెరుచుకుని చూస్తూ వాయించాను. తెల్ల మెట్టు పడింది. ఇంటికెళ్తూ దారిలో పాలకోవాలాంటి కమ్మటి డుల్సే దె లేచె పూసిన బన్ను కొనుక్కుని, నది వెంట సాగే రాంబ్లా రోడ్డు మీద నిలబడి తిన్నాను. ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

రికార్డు బయటికి వచ్చేసరికి ఒలస్కోగా గారు మంచం పట్టారు. రికార్డునూ, అది ఆడే యంత్రాన్నీ నేనే మోసుకెళ్ళి ఆయన మంచం పక్కన పెట్టి వినిపించాను. కూతురు రొసౌరా తలగడ ఎత్తుగా పెట్టింది. మూడోది వచ్చింది, ఆ చోటు వచ్చింది. నల్ల మెట్టే! నేను వాయించింది కాదు అది, పదమూడేళ్ళ నాటి పాత తప్పే మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆయన నా మొహం చూసి నవ్వారు. "పోనీలే అమ్మాయ్. ఆవిడకి ఏడవడం అలవాటైపోయింది" అన్నారు. వసంతం రాకుండానే పోయారు.

జరిగిందేమిటంటే, కంపెనీలో టేపులు చూసే ఎబెర్ తెచేరా ఆ చోట విని అదిరిపడ్డాడు. అమ్మగారు అలసిపోయి తప్పు కొట్టారనుకున్నాడు. నా పరువు కాపాడాలని, నేను వాయించిన ముక్కను బ్లేడుతో కోసేసి, 1958 టేపులోంచి ఆ ముక్కకు నకలు తీసి అతికించాడు. అతుకు చెవికి తెలియనంత బాగా అతికించాడు. నిలదీద్దామని స్టూడియోకి వెళ్తే, అతనే ఎదురొచ్చి, నన్నొక పక్కకు తీసుకెళ్ళి, జేబులోంచి ఒక అగ్గిపెట్టె తీశాడు. అందులో చుట్ట చుట్టిన జానెడు టేపు ముక్క. "ఇదిగోండమ్మగారూ, మీ పొరపాటు. ఎవ్వరికీ చెప్పలేదు. మీ దగ్గరే పెట్టుకోండి" అన్నాడు. అతని మొహం ఎంత వెలిగిపోతోందంటే నేను "థాంక్స్ ఎబెర్" అని చెప్పి వచ్చేశాను. జన్మలో నేను సరిగ్గా వాయించి రికార్డు చేసింది ఆ జానెడే.

తర్వాత రేడియోలో రెండుసార్లు నా నోటితోనే చెప్పాను, అది తప్పని. "చూశారా, ఎంత నిగర్వి!" అన్నాడు కార్యక్రమం నడిపేవాడు. ఎబెర్ కూడా ఫోన్ చేసి మీది పెద్ద మనసండీ అన్నాడు.

నాలుగు. ఈ వీలునామాను అమలు జరపవలసినదిగా రొసౌరా ఒలస్కోగా గారిని నియమిస్తున్నాను. నాతో మాట్లాడటం మానేసి ఏళ్ళయింది కదా, ఆవిడనెందుకు అని నోటరీ గారు ఆశ్చర్యపోయారు. నా మీద కోపం ఉన్నవాళ్ళే ఈ పని చివరిదాకా వదలకుండా చేస్తారు. ప్రేమ ఉన్నవాళ్ళు నన్ను క్షమించేసి, కాఫీ తాగి ఇళ్ళకు పోతారు.

ఆవిడ కోపానికి కారణం ఇది. ఒలస్కోగా గారు పోయాక అభిమానులు సంఘంగా ఏర్పడి, ఆయన సమాధికి పాలరాయి వేయించి, దాని మీద నాలుగు స్వరాలు చెక్కించారు. ఏ నాలుగో చెప్పక్కర్లేదు. తెర తీసేది నేనే. తీశాక రొసౌరా నా చెవి దగ్గరికి వచ్చి, "మా నాన్న గుండెల మీద నీ తప్పు చెక్కించారు. సంతోషమా?" అంది. నేను అక్కడ పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాను. రొసౌరా, నా బ్యాంకులో ఉన్నదాంట్లోంచి రాతిపనివాణ్ణి పిలిపించి ఆ రాయి సరిచేయించు. సంఘంవాళ్ళు అడ్డొస్తే ఈ పత్రం చూపించు. మీ అమ్మ నాకు అల్లిచ్చిన బూడిదరంగు శాలువా కూడా నీకే, మడత నలగకుండా దాచాను.

అయిదు. నా పియానో, దాని బల్ల, ఒలస్కోగా గారు నాకే వదిలిపోయిన రాతప్రతి, నా ఆఖరి శిష్యురాలు అనలీయా కుర్బెలోకు చెందవలెను. నిరుడు దేశస్థాయి పోటీలో ఆ పిల్ల ఇదే మూడోది వాయించింది. నేను నేర్పినట్టే, తెల్ల మెట్టు. ఎదుట కూర్చున్న పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. "సొంత గురువు రికార్డు కూడా వినకుండా వచ్చిందే!" అన్నాడొకాయన. నేను గౌరవ అధ్యక్షురాలిని, లేచి నిలబడి ఆ పిల్లదే సరైనదని చెప్పాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. బహుమతి ఇంకొకరికి ఇచ్చారు.

బస్సులో అనలీయా కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "టీచరమ్మా, మీరు చెప్పింది అందరికీ నచ్చింది. ఒక్కరూ నమ్మలేదు. మీరు నవ్వుతూ చెప్పారు కదా, ఎలా నమ్ముతారు?"

నిజమే, నవ్వుతూనే చెప్పాను. చప్పట్లు పడుతుంటే నా మొహం దానంతటదే నవ్వుతుంది, ఏళ్ళ అలవాటు. ఆ పిల్ల ఏడవకుండా కూర్చుంది. నేను బస్సు దిగేదాకా చేతిసంచి తెరిచి మూసి తెరిచి మూసి ఏదో వెతుకుతున్నట్టు నటించాను. అనలీయా, పియానో తడికి ఉబ్బుతుంది, చలికాలం కిటికీ మూసి ఉంచు. రాతప్రతిలో ఆ పేజీ తిప్పే చోట నా వేలి మరక ఉంటుంది. దాన్ని చూసుకుని, ప్రతిసారీ కళ్ళతో చదువు.

ఆరు. రియో అంచో మూతపడ్డ రోజున నా టేపులన్నీ నా పేరున రాసిచ్చింది. ఇప్పుడు ఒక కొత్త కంపెనీ వాటిని సీడీలుగా వేస్తామని నా వెంటపడుతోంది. 1958 టేపును వేసుకోనివ్వండి. అది జనం సొత్తైపోయింది, దానితో పెళ్ళిళ్ళు చేసుకున్నారు, చావులు చేశారు, నేను లాక్కోలేను. అట్ట మీద మాత్రం "ఇందులో ఒక స్వరం తప్పు" అని పెద్దక్షరాలతో ఉండాలి. 1971 టేపును కింద ఏడో అంశంలో చెప్పిన పని జరగనిదే ఎవరికీ ఇవ్వరాదు, నకలు తియ్యరాదు, వినిపించరాదు.

ఏడు. వంటింట్లో మాతే ఆకు పోసే డబ్బా వెనక ఒక అగ్గిపెట్టె ఉంది. అది ఎబెర్ తెచేరాకు చెందవలెను.

ఎబెర్, ఇది చదివి వినిపిస్తున్నప్పుడు నువ్వు ఎదుటే కూర్చుని ఉంటావు, టోపీ మోకాలి మీద పెట్టుకుని. నువ్వు కోసి తీసింది పొరపాటు కాదు, అదే సరైనది. అప్పుడే చెప్పాల్సింది. నువ్వు నాకోసం చేశావని తెలిసి నోరు పెగల్లేదు. నీమీద నాకు ఏ మూలా కోపం లేదు. నా వేలు నల్ల మెట్టు మీద పడకపోతే నీకు ఆ బ్లేడు పట్టే అవసరమే వచ్చేది కాదు. ఇప్పుడు నువ్వు ఒక పని చెయ్యాలి. 1971 టేపు తీసి, నువ్వు అతికించిన ముక్కను నీ చేత్తోనే కోసేసి, ఆ జానెడునూ దాని చోట పెట్టు. చేతులు వణుకుతున్నాయంటావు, తెలుసు. మొన్న కాఫీ సాసరులో ఒలికించావు. కొత్త కంపెనీలో చదువుకున్న పిల్లలు బోలెడుమంది ఉన్నారు, యంత్రం మీద చిటికెలో చేస్తారు. వాళ్ళు చెయ్యకూడదు. నువ్వే చెయ్యాలి, రొసౌరా చూస్తుండగా చెయ్యాలి, చోటు అనలీయా చూపించాలి.

ఎనిమిది. ఇది ఆస్తి కాదు, అయినా వ్రాయించక తప్పదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆ తప్పే బాగుంటుంది. తెల్ల మెట్టు సరైనదని తెలుసు, ఒలస్కోగా గారే నా ఎదుట కూర్చుని చెప్పారు. కానీ నల్లది పడినప్పుడు నా ఒంట్లో ఏదో కరుగుతుంది, తెల్లది పడితే ఏమీ కరగదు. మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయినందుకు సిగ్గుపడ్డాను, చప్పట్ల కోసం వెనక్కి తగ్గినందుకు సిగ్గుపడ్డాను. అన్నిటికన్నా దీనికి ఎక్కువ సిగ్గుపడుతున్నాను. ఒకరి తల్లిని నేను ఏడిపించాను, ఆ ఏడుపును నేనే అందరికన్నా ఎక్కువ ప్రేమించాను.

తొమ్మిది. అతికించాక ముగ్గురూ కూర్చుని ఆ టేపును మొదటినుంచి చివరిదాకా ఒకసారి వినాలి. ఆ చోట ఎవరూ చేతిరుమాలు తీయరాదు. ఒలస్కోగా గారి తల్లి గుమ్మంలోకి వచ్చి, కొడుకును ఒక కేక వేసి, లోపలికి వెళ్ళి సూపు వడ్డించాలి. అలా వినిపించిన రోజున ఈ వీలునామా అమలు జరిగినట్టు. అంతవరకు జరగనట్టే.

నోటరీ షరా: పై తొమ్మిది అంశాలనూ వ్రాయించినవారికీ సాక్షులకూ చదివి వినిపించాను. సరిగ్గా ఉందని ఒప్పుకున్నారు. సంతకం చేయమని కలం ఇవ్వగా, ముందు ఒక పని ఉందని చెప్పి వ్రాయించినవారు లేచి పియానో దగ్గరికి వెళ్ళారు. సదరు స్వరాలు వాయించారు. వేలు నల్ల మెట్టు మీదే పడిందని ఆమే చెప్పారు. మళ్ళీ వాయించారు, మళ్ళీ అలాగే పడింది. ఈసారి సాక్షుల్లో ఓల్గా గారు కళ్ళు తుడుచుకున్నారు. మూడోసారి నెమ్మదిగా, వేళ్ళవైపు చూసుకుంటూ వాయించారు, తెల్ల మెట్టు పడింది. ఓల్గా గారు తల ఎత్తి "ఇంతేనా?" అన్నారు. వ్రాయించినవారు "ఇంతే" అని, వచ్చి సంతకం చేశారు.

మోంటెవిడియో, 1997 జూలై 22, మంగళవారం.

(సంతకం) నెలిదా బెంతంకోర్ సారసోలా

సాక్షులు:
ఓల్గా పెరాస్సో, రెండో అంతస్తు, దర్జీ పని
నెల్సన్ ఎచెగోయెన్, మూల మీది బేకరీ
మిల్తోన్ సిల్వేరా, రిటైరైన బస్సు డ్రైవరు

నా సమక్షంలో: అన్సెల్మో పిత్తలూగా, నోటరీ